664లో 498: మయన్మార్‌లో ఎన్నికలు గెలిచినవాళ్లు ఎందుకు పాలించలేకపోయారు?

ఆంగ్ సాన్ సూకీ పార్టీ ఎన్‌ఎల్‌డీ మయన్మార్‌లో పోటీ చేసిన ప్రతి సార్వత్రిక ఎన్నికలోనూ గెలిచింది, అదీ మామూలు గెలుపు కాదు. 1990లో 492 సీట్లకు 392. 2012 ఉప ఎన్నికల్లో 44 చోట్ల నిలబడితే 43. 2015లో ఎన్నిక జరిగిన సీట్లలో ఇంచుమించు 80 శాతం. 2020లో 476కి 396. ఇంత మెజారిటీ వచ్చిన పార్టీని ఇంకో దేశంలో అయితే కదిలించడమే కష్టం. ఇక్కడ మాత్రం 1990లో గెలిచినవాళ్లలో చాలామంది జైలుకు పోయారు, 2020లో గెలిచినవాళ్లదీ అదే గతి, మధ్యలో ఐదేళ్లు అధికారంలో ఉన్నారు గానీ ఆ ఐదేళ్లూ పోలీసులు వాళ్ల మాట కిందకు రాలేదు.

"సైన్యం తుపాకీ చూపించి అధికారం లాక్కుంది" అని ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు, అందులో అబద్ధమేమీ లేదు. కానీ అంతటితో వదిలేస్తే 2011 నుంచి 2021 దాకా ప్రపంచమంతా చప్పట్లు కొట్టిన ఆ "సంస్కరణలు" ఏంటో, అవి ఎక్కడి దాకా వచ్చి ఆగాలని ముందే ఎవరు రాసిపెట్టారో తెలియదు. అసలు కిటుకు 2008 రాజ్యాంగంలో ఉన్న ఒక లెక్కలో ఉంది. అది చెప్పేముందు కాస్త వెనక్కి వెళ్లాలి.

1962 మార్చి 2న జనరల్ నె విన్ ప్రభుత్వాన్ని కూలదోశాడు. పార్లమెంటు పోయింది, రాజ్యాంగం పోయింది, దుకాణాల నుంచి బ్యాంకుల దాకా జాతీయం చేశారు, తరాలుగా అక్కడ బతుకుతున్న భారతీయులు లక్షల్లో ఉత్త చేతులతో ఓడలెక్కారు (అలా తిరిగొచ్చినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు). ఆ పాలన ఎలా ఉండేదో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. 1987 సెప్టెంబరులో 25, 35, 75 క్యాట్‌ల నోట్లు చెల్లవని ప్రకటించారు. మార్చుకోవడానికి గడువు లేదు, నష్టపరిహారం లేదు, ఇంట్లో దాచుకున్న డబ్బు తెల్లారేసరికి చిత్తు కాగితం. వాటి బదులు తెచ్చిన కొత్త నోట్లు 45, 90. నె విన్‌కు 9 అచ్చొచ్చిన అంకె, రెండు నోట్లూ తొమ్మిదితో భాగించబడతాయి మరి. దేశం మొత్తానికీ ఆర్థిక విధానం ఒకాయన సంఖ్యాశాస్త్రం మీద నడిచింది.

ఆ కడుపుమంటే ఏడాది తిరిగేసరికి వీధుల్లోకి వచ్చింది. 1988 మార్చిలో రంగూన్‌ (ఇప్పటి యాంగూన్)లో ఒక టీ దుకాణం దగ్గర మొదలైన విద్యార్థుల గొడవ ఆగస్టు 8 నాటికి దేశవ్యాప్త సమ్మె అయింది, అందుకే దాన్ని నాలుగు ఎనిమిదుల తిరుగుబాటు అంటారు. ఆలోగా జూలైలోనే నె విన్ దిగిపోయాడు. దిగిపోతూ చేసిన ప్రసంగంలోనే, సైన్యం గాల్లోకి కాల్చదు, మనిషికి తగిలేలా కాలుస్తుంది అని హెచ్చరించాడు. అన్నట్టే కాల్చారు. చనిపోయినవాళ్లు 3,000 దాకా ఉంటారని అంచనా. సెప్టెంబరు 18న కొత్త జనరళ్లు పగ్గాలు పట్టారు, ఎన్నికలు పెడతామన్నారు, 1990లో నిజంగానే పెట్టారు. ఓడిపోయారు. ఓడిపోయాక, ఇది ప్రభుత్వం ఏర్పాటు చేయడానికి కాదు, ముందు రాజ్యాంగం రాసుకోవాలి అన్నారు.

ఆ రాజ్యాంగం రాయడానికి 15 ఏళ్లు పట్టింది. 1993లో జాతీయ సదస్సు మొదలైంది, ప్రతినిధుల్లో ఎక్కువమంది సైన్యం ఎంపిక చేసినవాళ్లే. 1995లో ఎన్‌ఎల్‌డీ బయటికొచ్చింది. మరుసటి ఏడాది ఒక చట్టం తెచ్చారు: సదస్సును విమర్శిస్తే 20 ఏళ్ల వరకు జైలు. 2003లో ఏడు మెట్ల రోడ్‌మ్యాప్ అన్నారు, గమ్యం పేరు "క్రమశిక్షణతో వర్ధిల్లే ప్రజాస్వామ్యం". చివరికి 2008 మే 10న రిఫరెండం. అంతకు వారం ముందే నర్గీస్ తుఫాను ఇరావతి డెల్టాను ఊడ్చేసింది, చనిపోయిన, గల్లంతైన వాళ్లు కలిపి లక్షా 38 వేల మంది దాకా. శవాలు నీళ్లలో తేలుతుంటే ఓటింగ్ ఆపలేదు, బాగా దెబ్బతిన్న ప్రాంతాల్లో మాత్రం రెండు వారాలు వాయిదా వేశారు. ప్రకటించిన ఫలితం: 98.12 శాతం పోలింగ్, 92.48 శాతం "అవును". ఆ రెండు దశాంశ స్థానాల మీద జనరళ్లకున్న శ్రద్ధ చూస్తే ముచ్చటేస్తుంది.

ఇప్పుడు లెక్క.

దిగువ సభలో 440 సీట్లు. అందులో 330 ఎన్నికైనవి, 110 సేనాధిపతి నేరుగా నామినేట్ చేసేవి. ఎగువ సభలో 224, అందులో 168 ఎన్నికైనవి, 56 సైన్యానివి. రెండూ కలిపితే 664, సైన్యం వాటా 166, అంటే కచ్చితంగా నాలుగో వంతు. రాజ్యాంగంలో ముఖ్యమైన నిబంధన ఏది మార్చాలన్నా 75 శాతం "కంటే ఎక్కువ" ఓట్లు కావాలి. 664లో 75 శాతం ఎంత? 498. ఎన్నికైన సీట్లు ఎన్ని? 498. అంటే దేశంలోని ప్రతి నియోజకవర్గంలోనూ ఒకే పార్టీ గెలిచి, ఒక్క సభ్యుడు కూడా జ్వరంతో మానేయకుండా అందరూ వచ్చి చేతులెత్తినా సవరణ ఒక్క ఓటు తేడాతో వీగిపోతుంది. ఆ ఒక్క ఓటూ యూనిఫాంలో కూర్చున్న ఒక అధికారి వేయాలి. ఆయన ఎవరికి జవాబుదారీయో చెప్పక్కర్లేదు. అదీ దాటినా కీలక నిబంధనలకు మళ్లీ రిఫరెండం, అక్కడ పోలైన ఓట్లలో కాదు, మొత్తం అర్హులైన ఓటర్లలో సగానికి పైగా అవునంటేనే చెల్లుతుంది.

ఈ ఇండొనేషియా నమూనా మయన్మార్ జనరళ్లకు బాగా నచ్చిందంటారు. సుహార్తో కాలంలో అక్కడా సైన్యానికి పార్లమెంటులో రిజర్వు సీట్లుండేవి. కానీ 1998లో సుహార్తో పడిపోయాక ఆ సీట్లను 38కి తగ్గించారు, 2004కల్లా పూర్తిగా తీసేశారు. మయన్మార్ వాళ్లు ఆ నమూనా తీసుకున్నారు గానీ దాన్ని ఎలా విప్పారో కూడా గమనించినట్టున్నారు, విప్పే దారి ముందే మూసేశారు. పక్కనున్న థాయ్‌లాండ్‌లో 2017 రాజ్యాంగం 250 మంది నియమిత సెనేటర్లకు ప్రధానిని ఎన్నుకునే ఓటు ఇచ్చింది, 2023లో 151 సీట్లతో మొదటి స్థానంలో వచ్చిన మూవ్ ఫార్వర్డ్ పార్టీ ప్రభుత్వం పెట్టలేకపోయింది దాని వల్లే. కానీ ఆ సెనేట్ అధికారానికి గడువుంది, 2024లో తీరిపోయింది. మయన్మార్‌లో 25 శాతానికి గడువే లేదు.

సీట్లు ఒక్కటే కాదు. రక్షణ, హోం, సరిహద్దు వ్యవహారాలు, ఈ మూడు శాఖల మంత్రులూ సైన్యం పంపినవాళ్లే. హోం శాఖ అంటే పోలీసులు, ఇంటెలిజెన్స్. దాని కిందే జనరల్ అడ్మినిస్ట్రేషన్ డిపార్ట్‌మెంట్ ఉండేది, మన కలెక్టరేటు నుంచి గ్రామ పాలన దాకా మొత్తం వ్యవస్థ అన్నమాట. ఎన్నికైన ప్రభుత్వం దాన్ని తన చేతిలోకి తెచ్చుకోగలిగింది 2018 చివర్లో మాత్రమే. పైన 11 మందితో జాతీయ రక్షణ, భద్రతా మండలి ఒకటుంది, అందులో ఆరుగురు సైన్యం మనుషులు. సేనాధిపతిని నియమించాలన్నా ఆ మండలి ఒప్పుకోవాలి. పాత పాలనలో చేసిన పనులకు ఎవరినీ విచారించకూడదని ఇంకో నిబంధన. డబ్బుకూ ఇబ్బంది లేదు, ఎంఈహెచ్ఎల్, ఎంఈసీ అనే రెండు సైనిక కంపెనీల కింద బీరు, సిగరెట్లు, జేడ్ రాళ్లు, బ్యాంకులు, పార్లమెంటు బడ్జెట్ ఆపినా ఆగని ఆదాయం.

మరి ఇంత కట్టుదిట్టంగా ఉంటే 2011లో తలుపు తీయడమెందుకు? ఒత్తిడి ఉంది, ఆంక్షలు ఉన్నాయి, చైనా మీద మరీ ఎక్కువ ఆధారపడాల్సి వస్తోందన్న బెంగా ఉంది. నాకు మాత్రం వీటికంటే బలమైన కారణం నె విన్ చావులో కనిపిస్తుంది. దేశాన్ని 26 ఏళ్లు ఏలినవాడు 2002 డిసెంబరులో గృహనిర్బంధంలో చనిపోయాడు, అప్పటికే అల్లుడూ మనవలూ రాజద్రోహం కేసులో శిక్షపడి ఉన్నారు. అతని స్థానంలో ఉన్న థాన్ ష్వేకు రేపు తన గతి ఏంటో కళ్లముందే కనిపించి ఉండాలి. అందుకే అధికారాన్ని ఒక్క వారసుడి చేతిలో పెట్టకుండా అధ్యక్షుడికి కొంత, సేనాధిపతికి కొంత, పార్లమెంటుకు కొంత పంచి తాను నిశ్చింతగా రిటైరయ్యాడు. ఆ ఏర్పాటు ప్రజల కోసం అనుకున్నవాళ్లే తర్వాత దెబ్బతిన్నారు.

అలాగని ఆ పదేళ్లు ఉత్త నాటకం అని కొట్టేయడం కూడా అన్యాయమే. 2012 ఆగస్టులో పత్రికలకు ముందస్తు సెన్సార్ ఎత్తేశారు. రాజకీయ ఖైదీలు విడుదలయ్యారు. చైనా పెట్టుబడితో కడుతున్న మిట్సోన్ డ్యామ్‌ను జనం వద్దంటే 2011లో ఆపేశారు. అంతకుముందు వందల డాలర్లు పోస్తే గానీ దొరకని సిమ్ కార్డు 2014లో డాలరున్నరకి వచ్చింది, దాంతో దేశానికి దేశమే దాదాపు ఒక్కసారిగా ఇంటర్నెట్‌లోకి దూకింది. ఫోను చేతికొచ్చి, భయం లేకుండా మాట్లాడటం అలవాటైన ఒక తరం తయారైంది. జనరళ్లు లెక్కలో వేసుకోనిది ఇదే.

2015లో గెలిచిన సూకీ అధ్యక్షురాలు కాలేకపోయారు, ఎందుకంటే కుటుంబంలో విదేశీ పౌరులుంటే ఆ పదవికి అర్హత లేదని 59వ సెక్షన్‌లో ఉంది, ఆమె కొడుకులిద్దరూ బ్రిటిష్ పౌరులు. ఆమెను దృష్టిలో పెట్టుకునే రాశారని అందరికీ తెలుసు. ఇక్కడే కో నీ అనే లాయర్ వస్తాడు. రాజ్యాంగాన్ని మార్చలేం సరే, అందులో లేని పదవిని మామూలు చట్టంతో సృష్టించకూడదని ఎక్కడుంది? అలా పుట్టిందే స్టేట్ కౌన్సెలర్ పదవి, అధ్యక్షుడి కంటే పైన సూకీ. ఆ ఆలోచన కో నీదే అంటారు. 2017 జనవరి 29న యాంగూన్ విమానాశ్రయం బయట, మనవడిని ఎత్తుకుని ట్యాక్సీ కోసం నిలబడి ఉండగా వెనక నుంచి వచ్చి తలలో కాల్చారు. హంతకుణ్ణి వెంటాడిన ఒక ట్యాక్సీ డ్రైవరూ ఆ తూటాలకే బలయ్యాడు. కాల్చినవాడికి శిక్ష పడింది, కుట్ర వెనక ఉన్నాడన్న మాజీ సైనికాధికారి దొరకలేదు. కో నీ అంత్యక్రియలకు సూకీ వెళ్లలేదు.

ఆ ఏడాదే ఆగస్టులో రఖైన్‌లో రోహింగ్యాల మీద సైన్యం దాడులు మొదలయ్యాయి, 7 లక్షల మందికి పైగా బంగ్లాదేశ్ పారిపోయారు. సేనాధిపతి మిన్ ఆంగ్ హ్లయింగ్‌ను ఆపే అధికారం పౌర ప్రభుత్వానికి లేదన్నది నిజం. కానీ నోరు తెరవడానికి అధికారం అక్కర్లేదు. 2019 డిసెంబరులో సూకీ స్వయంగా హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లి ఆ సైన్యం తరఫున వాదించారు. సైన్యంతో సర్దుకుపోతే నెమ్మదిగా వెనక్కి తగ్గుతారన్న లెక్క అయి ఉండొచ్చు, ఓటర్ల మూడ్ అయి ఉండొచ్చు, ఆమె నమ్మకమే అదయి ఉండొచ్చు. ఏదైనా గానీ బయటి ప్రపంచంలో ఆమెకున్న పరపతి మొత్తం అక్కడే ఖర్చయిపోయింది, సైన్యం ఒక్క అంగుళం కూడా వెనక్కి తగ్గలేదు. మరుసటి మార్చిలో ఎన్‌ఎల్‌డీ సైనిక సీట్లను దఫదఫాలుగా 15, 10, 5 శాతానికి తగ్గించే సవరణ పెట్టింది. ఏమైందో ఊహించుకోవచ్చు, 498 లెక్క మారలేదుగా.

అలాంటప్పుడు, తాళం అంత బాగా పనిచేస్తుంటే 2021 ఫిబ్రవరి 1న సైన్యం దాన్ని తానే ఎందుకు పగలగొట్టింది? ఓటర్ల జాబితాలో అక్రమాలు అన్నారు, ఎన్నికల సంఘం ఒప్పుకోలేదు, ఆ ఆరోపణకు తగ్గ ఆధారమూ చూపించలేదు. నాకు తోచిన జవాబు మళ్లీ అంకెల్లోనే ఉంది. అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడానికి 664లో 333 ఓట్లుంటే చాలు. సైన్యానికి పుట్టుకతోనే 166 ఉన్నాయి, ఇంకో 167 కావాలి, అంటే సైన్యం అండతో నడిచే యూఎస్‌డీపీ ఎన్నికైన సీట్లలో మూడో వంతు తెచ్చుకుంటే సేనాధిపతి దర్జాగా అధ్యక్షుడు కావచ్చు. రాజ్యాంగం రాసినవాళ్లు మూడో వంతు కూడా రాదని కలలో అనుకుని ఉండరు. 2020లో యూఎస్‌డీపీకి వచ్చినవి 33. మిన్ ఆంగ్ హ్లయింగ్‌కు 2021 జూలైలో 65 నిండుతాయి, రిటైర్మెంట్. యూనిఫాం పోతే పదవీ లేదు, రక్షణా లేదు. వీటో ఉంది గానీ వీటోతో ఎదుటివాడి సవరణ ఆపగలరు, తమవాణ్ణి కుర్చీ ఎక్కించలేరు.

కుట్రకు కూడా చట్టం ముసుగు వేయాలని చూశారు. ఎమర్జెన్సీ ప్రకటించాల్సింది అధ్యక్షుడు. ఆరోజు తెల్లవారుజామున ఇద్దరు సైనికాధికారులు అధ్యక్షుడు విన్ మింట్ దగ్గరికి వచ్చి అనారోగ్యం పేరుతో రాజీనామా చేయమన్నారు, ఆయన తన ఆరోగ్యం బాగానే ఉందని నిరాకరించారు, ఈ మాట తర్వాత కోర్టులో ఆయనే చెప్పారు. అరెస్టు చేసి, సైన్యం నామినేట్ చేసిన ఉపాధ్యక్షుడు మింట్ స్వేను తాత్కాలిక అధ్యక్షుణ్ణి చేసి, ఆయన సంతకంతో ఎమర్జెన్సీ పెట్టించారు. ఎమర్జెన్సీ ఏడాది, మామూలుగా ఆరు నెలల చొప్పున రెండుసార్లు పొడిగించుకోవచ్చని రాజ్యాంగం అంటుంది. వీళ్లు ఏడుసార్లు పొడిగించారు, 2025 జూలై 31 దాకా. సొంతంగా రాసుకున్న రాజ్యాంగాన్నే పాటించనివాళ్లకు పక్కవాళ్లు రాజ్యాంగబద్ధంగా నడుచుకోవాలన్న పట్టుదల మాత్రం చాలా ఎక్కువ.

జనం ఎదురుతిరిగిన తీరు 1988లా లేదు. రాత్రి ఎనిమిది అయ్యేసరికి గిన్నెలూ పళ్లేలూ మోగించేవాళ్లు, దయ్యాన్ని ఇంట్లోంచి వెళ్లగొట్టడానికి అక్కడ చేసే పని అది. ఆడవాళ్లు కట్టుకునే తమెయిన్ బట్టలు వీధికి అడ్డంగా తాడు కట్టి ఆరేశారు, దాని కింద నుంచి నడిస్తే మగవాడి బలం పోతుందని అక్కడ పాతకాలపు నమ్మకం, సైనికులు ముందుకు రాకుండా ట్రక్కెక్కి వాటిని లాగేసుకుంటున్న ఫొటోలు చాలామంది చూసే ఉంటారు. అసలు దెబ్బ మాత్రం సహాయ నిరాకరణ. మొదట ప్రభుత్వ డాక్టర్లు, నర్సులు, ఆ తర్వాత టీచర్లు, రైల్వే ఉద్యోగులు, బ్యాంకు సిబ్బంది పని మానేశారు. కరెంటు బిల్లు కట్టడం ఆపేశారు, సైన్యం బీరు తాగడం మానేశారు. రైల్వే క్వార్టర్లలో ఉన్న కుటుంబాలను రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు, అయినా డ్యూటీకి రాలేదు. మార్చి 27న, సాయుధ దళాల దినోత్సవం జరుపుకుంటూనే ఒక్క రోజులో వంద మందికి పైగా కాల్చి చంపారు. ఆ తర్వాతే కుర్రాళ్లు అడవుల దారి పట్టారు.

ఇక్కడి నుంచి పోరాటం అర్థమే మారింది. అప్పటిదాకా అడిగింది "మా ఓటు మాకివ్వండి" అని, అంటే అదే 2008 రాజ్యాంగం కింద అయినా సరే. 2021 మార్చి 31న అరెస్టు తప్పించుకున్న ఎంపీల కమిటీ ఆ రాజ్యాంగాన్నే రద్దు చేస్తున్నామని ప్రకటించి ఫెడరల్ చార్టర్ ఒకటి ముందుకు తెచ్చింది, ఏప్రిల్‌లో జాతీయ ఐక్యతా ప్రభుత్వం (ఎన్‌యూజీ) ఏర్పడింది. ఫెడరల్ అన్న మాటకు అక్కడ చాలా బరువుంది. సూకీ తండ్రి ఆంగ్ సాన్ 1947లో పాంగ్‌లాంగ్‌లో షాన్, కచిన్, చిన్ జాతుల నాయకులకు స్వయంప్రతిపత్తి ఇస్తానని సంతకం పెట్టాడు, ఐదు నెలలకే హత్యకు గురయ్యాడు, ఆ మాట అక్కడే ఆగిపోయింది. కరెన్ జాతివాళ్లు 1949లోనే తుపాకీ పట్టారు. బర్మన్ మెజారిటీ పట్టణాల వాళ్లకు ఇవన్నీ సరిహద్దుల్లో జరిగే దూరపు గొడవలు, తమ వీధిలో తూటా పేలేదాకా. 2021 జూన్‌లో ఎన్‌యూజీ రోహింగ్యాలకు న్యాయం చేస్తామని, వాళ్లకు పౌరసత్వం లేకుండా చేసిన 1982 చట్టాన్ని తీసేస్తామని ప్రకటించింది. ఆలస్యమే, బయటివాళ్ల మెప్పు కోసమూ కావచ్చు, కానీ 2019 హేగ్ నుంచి అది చాలా దూరం.

యుద్ధంలో 2023 అక్టోబరు 27న ఉత్తర షాన్‌లో మూడు సాయుధ సంస్థలు కలిసి చేసిన దాడి పెద్ద మలుపు. మరుసటి ఏడాది లాషియోలో సైన్యం ప్రాంతీయ కమాండ్ కేంద్రమే పడిపోయింది, అలాంటిది అంతకుముందెప్పుడూ జరగలేదు. మనుషులు చాలక 2024 ఫిబ్రవరిలో నిర్బంధ సైనిక సేవ చట్టాన్ని బయటికి తీశారు. జుంటా (సైనిక ప్రభుత్వం) కూలిపోతోందని చాలామంది రాశారు. కూలలేదు. చైనాకు తన సరిహద్దు వాణిజ్యం, పైపులైన్లు ముఖ్యం, అది ఒత్తిడి తెచ్చి 2025 ఏప్రిల్‌లో లాషియోను మళ్లీ సైన్యానికి అప్పగించేలా చేసింది. విమానాలు సైన్యం దగ్గరే ఉన్నాయి, ఓడిపోయిన పట్టణం మీద బాంబులు వేయడానికి నేల మీద బలం అక్కర్లేదు.

2025 డిసెంబరు 28న విడతలవారీ ఎన్నికలు మొదలయ్యాయి. ఎన్‌ఎల్‌డీ లేదు, 2023లోనే రద్దు చేశారు. చాలా టౌన్‌షిప్‌లలో పోలింగే పెట్టలేదు. ఎన్నికలను విమర్శిస్తే జైలు అని ముందే చట్టం తెచ్చారు, 1996 చట్టం గుర్తున్నవాళ్లకు ఇదేం కొత్త కాదు. రాజ్యాంగం అదే, 166 సీట్లూ అవే. ఈసారి మిగతా 167 కోసం టెన్షన్ పడాల్సిన అవసరం లేకుండా చూసుకున్నారు, అంతే తేడా.

అవతలి పక్క కూడా అంతా ఒక్క మాట మీద లేరు. కరెన్నీలో 2023లో తాత్కాలిక మండలి పెట్టుకున్నారు, అదే ఏడాది చిన్‌లాండ్ తన రాజ్యాంగం తానే రాసుకుంది, చాలా చోట్ల బడులు, ఆస్పత్రులు, కోర్టులు వాళ్లే నడుపుతున్నారు. రఖైన్‌లో ఎక్కువ భాగం పట్టుకున్న అక్కడి సాయుధ సంస్థ అరకాన్ ఆర్మీ ఫెడరల్ కాదు, అంతకు మించిన కాన్ఫెడరేషన్ హోదా కావాలంటోంది, రోహింగ్యాలేమో ఆ ఆర్మీ చేతిలోనూ దెబ్బలు తిన్నామంటున్నారు. జుంటా రేపు పోయినా ఇన్ని తుపాకులు ఎవరి ఆజ్ఞ కింద ఉండాలన్నది తేల్చుకోవాలి, దాని మీద ఈ సంస్థల మధ్య ఇంకా ఒప్పందం లేదు.